గాయం ఎవరిది, చికిత్స ఎవరిది? - తెలుగు ప్రేమ నవల నడిచిన దారి

ప్రేమ నవలలను రెండు మాటలతో తేల్చేయడం మన విమర్శలో చాలాకాలంగా ఉన్న అలవాటు. ఒక మాట ‘పలాయనవాదం’. రెండవది ‘కాలక్షేపం’. ఆ మాటల్లో నిజం లేకపోలేదు. కాని ఒక తరం ఆడపిల్లలు, గృహిణులు, చిరుద్యోగులు వారం వారం ఎదురుచూసి చదివిన సాహిత్యాన్ని రెండు మాటలతో పక్కకు నెడితే, ఆ పాఠకులు అందులో ఏం వెతుక్కున్నారన్న ప్రశ్న అలాగే మిగిలిపోతుంది. ఆకలిగా ఉన్నవాడు గడ్డి తిన్నాడంటే గడ్డిని విమర్శించి ఊరుకుంటే చాలదు. ఆకలి సంగతి కూడా మాట్లాడాలి.

తెలుగు ప్రేమ కథల్లో పదే పదే కనిపించే మనిషి ఒకడున్నాడు. అతని మనసుకు ఎప్పుడో దెబ్బ తగిలింది. అప్పటినుంచి ఎవరినీ నమ్మడు. ఎవరినీ దగ్గరకు రానివ్వడు. తాగుతాడు, లేదా మాట తూలతాడు, లేదా మౌనంగా ఉండిపోతాడు. అతని జీవితంలోకి మరొక మనిషి వస్తుంది. ఆమె ఓర్పుతోనో మొండితనంతోనో అతని గాయం మానుతుంది. అతను మళ్ళీ ప్రేమించడం నేర్చుకుంటాడు. కొన్ని కథల్లో దెబ్బ తిన్నది స్త్రీ అవుతుంది. పేర్లు మారతాయి, ఊళ్ళు మారతాయి, కథ నడక మాత్రం ఇదే.

ఈ కథా వస్తువును చరిత్ర క్రమంలో పరిశీలించాలంటే ప్రతి రచననూ మూడు ప్రశ్నలు అడగాలి. ఈ గాయం ఎవరు చేశారు? దాన్ని మాన్పే బరువు ఎవరి మీద పడింది? మానిన తర్వాత ఆ మనిషి తనను గాయపరిచిన వ్యవస్థతో ఏ సంబంధం పెట్టుకున్నాడు? ఈ మూడింటికీ నవల ఇచ్చే జవాబుల్లోనే ఆయా కాలాల వర్గ, కుల, స్త్రీపురుష సంబంధాలు దాగి ఉన్నాయి.

ప్రేయసి లేని ప్రేమ

ప్రేమ కథ రాయాలంటే ప్రేమించే వయసులో, ప్రేమించే అవకాశం ఉన్న ఇద్దరు మనుషులు కావాలి. పంతొమ్మిదవ శతాబ్దపు తెలుగు అగ్రకుల సమాజంలో అటువంటి ఇద్దరు దొరకడం కష్టం. ఆడపిల్ల రజస్వల కాకముందే ఆమె పెళ్ళి అయిపోయేది. భర్త పోతే ఆమె జీవితమూ అక్కడితో ముగిసినట్టే లెక్క. వీరేశలింగం పంతులు 1881 డిసెంబరులో రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఆయన పోరాడింది ప్రేమ కోసం కాదు. బతికే హక్కు కోసం. బాల్యవివాహ నిరోధానికి శారదా చట్టం వచ్చింది 1929లో. అది 1930 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చేలోగా దేశమంతటా హడావిడిగా పసిపిల్లల పెళ్ళిళ్ళు చేసేశారు.

భావకవిత్వం పుట్టిన నేల ఇది. రాయప్రోలు సుబ్బారావు ‘తృణకంకణం’ 1913లో వచ్చింది. అందులో చిన్ననాటి నుంచీ ఒకరినొకరు కోరుకున్న ఇద్దరు విడిపోతారు. ఆమెకు వేరే పెళ్ళి జరుగుతుంది. తర్వాత వాళ్ళు తమ ప్రేమను స్నేహంగా మార్చుకుంటారు. దీనికి రాయప్రోలు ‘అమలిన శృంగారం’ అని పేరు పెట్టారు. ఇద్దరు మనుషుల కోరికను తుంచిన పెళ్ళి పద్ధతిని ప్రశ్నించకుండా, ఆ తుంచివేతకే ఒక సౌందర్యాన్ని కల్పించిన సిద్ధాంతం అది. 1925లో వచ్చిన కృష్ణశాస్త్రి ‘కృష్ణపక్షం’లో విరహం ఇంకా ముదిరింది. అక్కడ బాధ ఉంది, బాధకు కారణం లేదు. కన్నీరు ఉంది, దానికి చిరునామా లేదు.

భావకవులను ఎగతాళి చేయడం సులువు. కాని ఆ కవిత్వానికి ఒక చారిత్రక న్యాయం ఉంది. ఇంగ్లీషు చదువు ప్రేమను గురించి చెప్పింది. సమాజం ఆ ప్రేమకు చోటివ్వలేదు. ఆ రెండింటి మధ్య నలిగిన యువకుడికి ఊహాప్రేయసి తప్ప గతి లేదు. అయితే అతని పక్క ఇంట్లోనే తల గొరిగించుకుని కూర్చున్న పదిహేనేళ్ళ పిల్ల గాయం ఆ కవిత్వంలోకి రాలేదు. మన ప్రేమ సాహిత్యంలో గాయపడే హక్కు మొదట మగవాడికే దక్కింది.

శరత్ మన ఇంటివాడు ఎలా అయ్యాడు

శరత్‌చంద్ర చటర్జీ (1876–1938) బెంగాలీ రచయిత అన్న సంగతి మరచిపోయేంతగా తెలుగు పాఠకులు ఆయనను సొంతం చేసుకున్నారు. చక్రపాణి వంటి అనువాదకుల కృషి అందుకు ఒక కారణం. సమాజాల మధ్య ఉన్న పోలిక అంతకంటే పెద్ద కారణం.

‘దేవదాసు’ పుస్తకంగా 1917లో వెలువడింది. పార్వతిని దేవదాసుకు ఇచ్చి చేయడానికి అతని తండ్రి ఎందుకు ఒప్పుకోలేదు? పార్వతి వంశంలో ఆడపిల్లకు సొమ్ము పుచ్చుకుని పెళ్ళి చేసే ఆచారం ఉంది కనుక. పైగా అంతస్తులో తక్కువ, పక్కింటివాళ్ళు. కన్యాశుల్కం సంగతి తెలుగువారికి ఒకరు చెప్పనక్కర్లేదు. దేవదాసు గాయానికి మూలం జమీందారీ పరువు. శరత్ ఆ మూలాన్ని దాచలేదు. కాని దేవదాసు ఆ పరువును ఎదిరించలేకపోయాడు. ఎదిరించలేని తన పిరికితనాన్ని సారాయిలో ముంచాడు. అర్ధరాత్రి ఒంటరిగా అతని గదికి నడిచి వచ్చిన ధైర్యం పార్వతిది. అతన్ని చూసి తన వృత్తినే వదులుకున్న త్యాగం చంద్రముఖిది. అతని గాయానికి ఇద్దరు స్త్రీలు కాపలా కాశారు. వాళ్ళ గాయాలకు కాపలా కాసినవాడు లేడు.

1953లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో ‘దేవదాసు’ సినిమా వచ్చింది. అక్కినేని, సావిత్రి అందులో నటించారు. ఆ తర్వాత మన ప్రేమకథల్లో తాగుబోతు ప్రేమికుడికి ఒక గౌరవం స్థిరపడింది. తెరమీద సీసా పట్టుకున్న మనిషిని చూసి జనం కంటతడి పెట్టారు. అతని తండ్రి పరువును గురించి ఆలోచించినవాళ్ళు తక్కువ. మూలంలో శరత్ చూపించిన సామాజిక కారణం పలచబడి, గాయం ఒక్కటే మిగిలింది. తరువాతి దశాబ్దాల వ్యాపార నవల పెట్టుబడిగా వాడుకున్నది ఆ మిగిలిన గాయాన్నే.

మైదానం నుంచి రాయలసీమకు

గాయాన్ని ఓర్చుకోవడానికి నిరాకరించిన మొదటి పెద్ద గొంతు చలానిది. ‘మైదానం’ 1927లో రాసినది. వకీలు భార్య రాజేశ్వరి భర్తను విడిచి అమీర్‌తో వెళ్ళిపోతుంది. ఆమెను ఎవరూ ఎత్తుకుపోలేదు. తనే వెళ్ళింది. అంతవరకు స్త్రీని గాయపరిచిన ఇంటిని సంస్కరించాలని చూసినవారే ఎక్కువ. ఆ ఇల్లే రోగమని చలం చెప్పాడు. ప్రేమించడం నేర్చుకోవాలంటే ముందు ఆ ఇల్లు దాటాలన్నాడు.

చలం బలం అక్కడే ఉంది, పరిమితి కూడా అక్కడే ఉంది. మైదానంలో అద్దె కట్టనక్కర్లేదు. పొద్దున్నే కూలికి పోనక్కర్లేదు. సమాజం లేని చోట ప్రేమ వికసిస్తుందని నమ్మినవాడికి, రాజేశ్వరి లాంటి స్త్రీలు సమాజంలో ఉండి ఎలా బతకాలన్న ప్రశ్నకు జవాబు దొరకలేదు. అయినా గాయపడిన స్త్రీని కథకు కేంద్రంగా నిలిపి, ఆమె కోరికను ఆమె నోటనే చెప్పించిన ఘనత చలానిదే.

1940లలో మన నవల మనసు లోపలికి తిరిగింది. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావు ప్రేమించడం నేర్చుకోలేకపోయిన మనిషి. అతని ఆస్తి పోయింది కాని ఆస్తి ఇచ్చిన అహం పోలేదు. వంశ ప్రతిష్ఠ అనే బరువు నెత్తిన పెట్టుకుని, పనిచేయడం చేతకాక, భార్యనూ బిడ్డనూ హింసిస్తూ తనలో తాను కుమిలిపోయాడు. గాయపడిన మనిషి తప్పక మంచివాడై ఉంటాడన్న భ్రమను ఈ నవల బద్దలుకొట్టింది. దెబ్బ తిన్నవాడు దెబ్బ కొట్టేవాడు కూడా అవుతాడు. తరువాత వచ్చిన ప్రేమ నవలలు చాలావరకు ఈ పాఠాన్ని మరిచాయి.

బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ 1952లో పుస్తకరూపంలో వచ్చింది. మనసు గాయపడిన మనిషి ప్రేమను నేర్చుకునే కథల్లో తెలుగులో దానికి సాటి వచ్చేది మరొకటి లేదు. దయానిధి గాయం తల్లిది. తల్లి నడతమీద లోకం వేసిన నింద కొడుకును జీవితాంతం వెంటాడింది. ఊరు మారినా, చదివి డాక్టరైనా, ఆ నింద అతనికంటే ముందుగా వెళ్ళి గుమ్మంలో కూర్చునేది. కోమలి, అమృతం, ఇందిర, సుశీల – ఎవరిని చూసినా అతను ముందు తన తల్లికి పడిన శిక్షను చూశాడు. ఇతరుల రోగాలకు మందిచ్చే డాక్టరు తన రోగానికి పేరు పెట్టలేకపోయాడు. రాయలసీమ వెళ్ళినా అక్కడి సంఘం అతన్ని అంగీకరించలేదు.

బుచ్చిబాబు గొప్పతనం ఎక్కడుందంటే, ఈ గాయాన్ని ఆయన ఒక వ్యక్తి మానసిక విచిత్రంగా వదిలేయలేదు. ఒక స్త్రీ శరీరంమీద సంఘానికున్న పెత్తనం, ఆమె పోయిన తర్వాత కూడా ఆమె కొడుకు ప్రేమను ఎలా అడ్డుకుంటుందో చూపాడు. కోమలి, అమృతం గాయం మాన్పే దాదులుగా ఉండిపోలేదు. వాళ్ళకు సొంత కోరికలు, సొంత లెక్కలు, సొంత ఓటములు ఉన్నాయి. దయానిధి చివరకు చేరుకున్నది ఆవేశంతో కూడిన ప్రేమను కాదు, మనిషిమీద దయను. ఆ ముగింపులో వ్యక్తివాదం ఉందని అభ్యంతరం చెప్పవచ్చు. సంఘం కొట్టిన దెబ్బకు సంఘంలో మందు వెతకకుండా ఒంటరి మనసులో వెతికాడన్నది ఆ అభ్యంతరం. అది సబబే. అయితే దెబ్బ కొట్టిన చెయ్యి ఎవరిదో బుచ్చిబాబు దాచలేదు.

వారం వారం ప్రేమ

1950ల చివరినుంచి 1970ల చివరివరకు తెలుగు నవలా రంగంలో స్త్రీలదే పైచేయి. ఆడపిల్లల చదువు పెరిగింది. వారపత్రికలు, మాసపత్రికలు సీరియళ్ళ మీద నిలబడ్డాయి. పట్టణాల్లో వీధికొక అద్దె పుస్తకాల దుకాణం వెలిసింది. ‘ఎమెస్కో’ వంటి సంస్థలు పాకెట్ బుక్స్‌తో, ఇంటింట గ్రంథాలయం పథకంతో నవలను మధ్యతరగతి వంటింటి అలమారులోకి చేర్చాయి. స్త్రీ పేరుంటే నవల అమ్ముడుపోతుందని కొందరు మగ రచయితలు ఆడపేర్లు పెట్టుకునేవరకు వచ్చింది.

ఈ దశలో గాయపడిన నాయకుడికి కొత్త వేషం వచ్చింది. అతను ధనవంతుడు. కారు, బంగళా, తోట ఉన్నవాడు. మాట కరుకు, మనసు మెత్తన. కోడూరి కౌసల్యాదేవి ‘ప్రేమనగర్’లో కల్యాణ్ తాగుడుకు అలవాటుపడిన జమీందారు బిడ్డ. లత ఆత్మగౌరవం గల మధ్యతరగతి ఉద్యోగిని. ఆమె రాకతో అతను మారతాడు. అనుమానం వారిని విడదీస్తుంది. 1971లో ఇది సినిమాగా వచ్చి, తమిళంలోకీ హిందీలోకీ వెళ్ళింది. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’లో రాజశేఖరం సంపన్నుడు, జయంతి అతని దగ్గర జీతానికి చేరిన అమ్మాయి. అతని మంచితనాన్ని నమ్మడానికి ఆమెకు నవలంతా పడుతుంది. 2018లో యద్దనపూడి కన్నుమూసినప్పుడు అరవై ఏళ్ళు దాటిన స్త్రీలు ఎందరో తమ యవ్వనాన్ని తలచుకుని బాధపడ్డారంటే ఆ నవలల పట్టు ఎంతటిదో ఊహించవచ్చు.

ఈ నవలల్లో వర్గ సంబంధం చాలా స్పష్టంగా ఉంది. నాయకుడి గాయం వ్యక్తిగతమైనది. తల్లి కోపమో, స్నేహితుడి ద్రోహమో, పాత ప్రేమో దానికి కారణం. ఆ బంగళా ఎవరి చెమటతో లేచిందన్న ప్రశ్న రాదు. నాయిక గాయం మాత్రం ఆర్థికమైనది. తండ్రి లేడు, జీతం చాలదు, ఇంట్లో పెళ్ళి కావలసిన చెల్లెళ్ళు ఉన్నారు. కాని కథ ఆమె గాయాన్ని గాయంగా లెక్కపెట్టదు. ఆమె అతని మనసును బాగుచేస్తుంది, అతను ఆమెకు ఇంటి కప్పు ఇస్తాడు. ఇది ప్రేమ రూపంలో జరిగిన మారకం. దాదిగా, గుమాస్తాగా, తల్లిగా, భార్యగా ఆమె చేసే చాకిరీకి నవల ‘ప్రేమ’ అని ఒకే పేరు పెట్టింది.

ఇంతవరకు చెప్పి ఊరుకుంటే పాత విమర్శనే తిరిగి చెప్పినట్టవుతుంది. ఈ నవలలు చదివిన అమ్మాయి ఏ లోకంలో ఉంది? వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. చట్టం పుస్తకంలో ఉంది, కట్నం పెళ్ళిపందిట్లో ఉంది. పెళ్ళిచూపుల్లో కూర్చోబెట్టి, నడిపించి, పాడించి, తర్వాత ఉత్తరం రాస్తామని వెళ్ళిపోయే మగపెళ్ళివారిని ఆమె చూసింది. తండ్రి ప్రావిడెంటు ఫండు లెక్కలు విన్నది. అటువంటి అమ్మాయికి, కట్నం ఊసెత్తకుండా తన వ్యక్తిత్వాన్ని చూసి, తన కోపాన్ని భరించి, తనకోసం వేచి ఉండే మగవాడు ఎంత పెద్ద కల! ఆరడుగుల ఎత్తు, కారు ఆ కలకు పైపూతలు. లోపలి కోరిక ఒక్కటే – తనకు వెల కట్టని మనిషి కావాలి.

ఆ కోరిక తప్పుడు కోరిక కాదు. ప్రజాస్వామికమైన కోరిక. వ్యాపార నవల చేసిన ద్రోహం ఏమిటంటే, కట్నం అనే సామాజిక సమస్యకు ధనవంతుడి దయను పరిష్కారంగా చూపడం. అందరు ఆడపిల్లల గాయానికి ఒక్క ఆడపిల్ల అదృష్టాన్ని మందుగా రాయడం. ఇక్కడ కోరికనూ పరిష్కారాన్నీ విడదీసి చూడాలి. ఆ తేడా చూడని విమర్శ పాఠకురాలిని రచయిత్రికే అప్పగించి చేతులు దులుపుకుంటుంది.

ఇదే కాలంలో భిన్నమైన ప్రయత్నాలు కూడా జరిగాయి. కౌసల్యాదేవిగారి ‘చక్రభ్రమణం’ అందుకు ఒక ఉదాహరణ. ‘డాక్టర్ చక్రవర్తి’ (1964) సినిమాకు మూలం ఆ నవలే. చెల్లెలిని పోగొట్టుకున్న డాక్టరు, స్నేహితుడి భార్యలో ఆ చెల్లెలిని చూసుకుంటాడు. ఆ ఆప్యాయతను లోకం నమ్మదు. స్త్రీపురుషుల మధ్య పెళ్ళి, వ్యభిచారం తప్ప మూడవ సంబంధాన్ని ఊహించలేని సమాజం ఆ నవలలో ముద్దాయిగా నిలబడింది. ఒకే రచయిత్రి చేతిలో ఒకచోట గాయం సమాజాన్ని ప్రశ్నించింది, మరొకచోట బంగళాలో సర్దుకుంది. మార్కెట్టు ఏ దారిని ప్రోత్సహించిందో తరువాతి చరిత్ర చెప్పింది.

జాలి పెళ్ళి

1960ల తొలి సంవత్సరాల్లో ముప్పాళ రంగనాయకమ్మ ‘బలిపీఠం’ రాశారు. దానికి ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. 1975లో దాసరి నారాయణరావు సినిమాగా తీశారు. మన చర్చకు ఇది అత్యంత కీలకమైన నవల. గాయపడిన ఇద్దరు మనుషులను కులం గీత మీద ఎదురెదురుగా నిలబెట్టింది ఇదే.

అరుణ బ్రాహ్మణ వితంతువు, గుండె జబ్బు మనిషి. ఎక్కువకాలం బతకదనుకున్నారు. సుమంగళిగా చనిపోవాలన్నది ఆమె కోరిక. భాస్కర్ హరిజన యువకుడు, ఆదర్శవాది. జాలితో ఆమెను పెళ్ళి చేసుకుంటాడు. అరుణ చనిపోదు, కోలుకుంటుంది. కథ అసలు అక్కడ మొదలవుతుంది. చావు ఎదురుగా ఉన్నప్పుడు కనిపించని కులం, ఆరోగ్యం రాగానే ఇంట్లో లేచి తిరిగింది. భర్త ఇంటివారి తిండి, మాట, నడక ఆమెకు రోత పుట్టించాయి. రోగి మీద పుట్టిన జాలి, రోగం పోయాక సంసారాన్ని మోయలేకపోయింది.

వ్యాపార ప్రేమ నవల చెప్పని సత్యాన్ని ఈ నవల చెప్పింది. జాలి ప్రేమ కాదు. చికిత్స చేసినందుకు ప్రేమ ఫీజుగా రాదు. అన్నిటికంటే ముఖ్యంగా, కులం అనేది ఒక మనిషి మనసులో ఉన్న పుండు మాత్రమే కాదు, ఇద్దరి మధ్య ఉన్న అధికార సంబంధం. ఒకరి మంచితనం దాన్ని మాన్పలేదు.

అయితే ఈ నవలను కూడా ఆ మూడు ప్రశ్నలే అడగాలి. నింద అంతా చివరకు ఎవరి మీద పడింది? అరుణ మీద. వైధవ్యం ఆమెకు చేసిన గాయం, ‘సుమంగళి చావు’ను మించిన కోరికే ఆమెకు మిగల్చని బ్రాహ్మణ ధర్మం వెనక్కు జరిగి, ఆమె అహంకారం ముందుకు వచ్చింది. భాస్కర్ మరీ ఓర్పుమంతుడు. పై కులపు ప్రేమకు అర్హుడు కావడానికి కింది కులపు మగవాడు మహాత్ముడై ఉండాలన్న షరతు నవలకు తెలియకుండానే నవలలో ఉంది. అతనికీ కోపం రావాలి కదా? అవమానపడ్డ మనిషి అడిగే లెక్క ఒకటి ఉంటుంది కదా? ఆ లెక్క అడగడానికి తెలుగు సాహిత్యం దళితులు తామే కలం పట్టేదాకా ఆగవలసి వచ్చింది.

గాయానికి పేరు పెట్టినవాళ్ళు

1980లలో స్త్రీవాదం రంగంమీదికి వచ్చింది. ఓల్గా ‘సహజ’ 1986లో, ‘స్వేచ్ఛ’ 1987లో వెలువడ్డాయి. ‘స్వేచ్ఛ’ నాయిక పేరు కూడా అరుణే. ఈ అరుణ ఇంట్లోవాళ్ళ మాట కాదని ప్రకాశాన్ని ప్రేమించి పెళ్ళి చేసుకుంటుంది. ప్రకాశం దుర్మార్గుడు కాడు. తాగడు, కొట్టడు. వ్యాపార నవల అయితే పెళ్ళితో కథ ముగించేది. ఓల్గా అక్కడ మొదలుపెట్టారు. మంచి భర్త ఉన్న ఇంట్లో కూడా ఊపిరాడకపోవచ్చని, ఆ ఊపిరాడకపోవడానికి కారణం భర్త గుణం కంటే సంసారం నిర్మాణంలో ఉందని చెప్పారు. అప్పట్లో చాలామంది అడిగిన ప్రశ్న ‘ప్రకాశం చేసిన తప్పేమిటి?’ అన్నది. ఆ ప్రశ్నే నవలకు సమర్థన. గాయం చేసిన చెయ్యి కనిపిస్తే తప్ప గాయాన్ని ఒప్పుకోని అలవాటు మనది.

అదే రచయిత్రి ‘విముక్త’ కథలకు 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. వాటిలో ‘సమాగమం’ అన్న కథలో సీత అడవిలో శూర్పణఖను కలుసుకుంటుంది. ప్రేమను అడిగినందుకు ముక్కు చెవులు కోయించుకున్న స్త్రీ శూర్పణఖ. మన పురాణాల్లో ఇంతకంటే పెద్ద ప్రేమ గాయం లేదు. దాన్ని చూసి వేల ఏళ్ళు నవ్వుకున్నాం. ఆ కథలో శూర్పణఖ తన కోపంతో, తన రూపంమీద తన అసహ్యంతో చాలాకాలం పోరాడింది. మొక్కలు నాటి, నీళ్ళు పోసి, తోట పెంచి, తన చేతులను తానే ప్రేమించడం నేర్చుకుంది. ఆ తర్వాత ఒక సహచరుడు వచ్చాడు.

ఈ వరుసను గమనించాలి. సహచరుడు వచ్చి గాయం మాన్పలేదు. ఆమె శ్రమ ఆమె గాయాన్ని మాన్పింది, మానిన మనిషి దగ్గరకు సహచరుడు వచ్చాడు. గాయం చేసినవాళ్ళ పేర్లు అందరికీ తెలుసు. వాళ్ళను క్షమించమని కథ ఆమెను బలవంతపెట్టలేదు. ఆమె గాయానికి మొదటి సాక్షిగా వచ్చింది మగవాడు కాదు, అదే ఇంటి మగవాళ్ళ చేతిలో దెబ్బ తిన్న మరో స్త్రీ. పై మూడు ప్రశ్నలకూ తెలుగులో ఇంత నిండుగా జవాబు చెప్పిన ప్రేమ కథలు అరుదు.

ఇవాళ ప్రేమ కథ రాయడమంటే

ప్రేమ కథ వ్యక్తిగత విషయమని, దానికి రాజకీయాలెందుకని ఇప్పటికీ అడిగేవారున్నారు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో ఒక దళిత యువకుడిని పట్టపగలు ఆసుపత్రి ముందు నరికి చంపారు. గర్భవతి అయిన భార్యను డాక్టరుకు చూపించి బయటకు వస్తున్నాడతను. పై కులపు అమ్మాయిని ప్రేమించి పెళ్ళి చేసుకోవడమే అతని నేరం. చంపించింది ఆమె తండ్రే. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవ శిక్ష వేసింది. వాళ్ళిద్దరికీ ప్రేమించడం చేతకాక కాదు. చిన్ననాటి నుంచే బాగా చేతనయింది. ప్రేమించడం నేర్చుకోవలసినవాళ్ళు ఎవరో ఆ రోడ్డుమీది రక్తం చెప్పింది.

అందుచేత, గాయపడిన మనుషులు ప్రేమను నేర్చుకునే కథ పాతబడిన వస్తువు కాదు. మన సమాజం గాయపడిన మనుషులను రోజూ తయారుచేస్తున్నంతకాలం ఆ వస్తువుకు పని ఉంటుంది. ప్రేమ నవల రాయవద్దని రచయితకు చెప్పడం విమర్శకుడి పని కాదు. రాసేటప్పుడు కొన్ని లెక్కలు తప్పించుకోవద్దని చెప్పడం అతని పని.

గాయానికి కారణం చెప్పాలి. తండ్రి కోపం అని రాస్తే ఆ కోపం వెనుక పొలం గట్టు ఉందా, కులం ఉందా, అప్పు ఉందా చూపాలి. గాయపడినవాడు ఇంకొకరిని గాయపరిస్తే దానికి అందమైన పేర్లు పెట్టకూడదు. సీతారామారావు భార్య దృష్టిలోంచి చూస్తే అతని వేదన ఎలా ఉంటుందో ఆలోచించాలి. మాన్పే మనిషికీ ఒక ఒళ్ళు, ఒక అలసట, ఒక గాయం ఉంటాయని గుర్తుండాలి. ఓర్పును ఆడదాని సొత్తుగా, క్షమను దళితుడి బాధ్యతగా రాసే పద్ధతి మానాలి. చివరగా, ఇద్దరూ కోలుకున్నాక తలుపు మూసుకుని లోపల సుఖంగా ఉన్నారని ముగిస్తే, బయట అదే కత్తి మరొకరి కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.

అద్దె పుస్తకాల దుకాణం ముందు నిలబడి ‘కొత్త నవల వచ్చిందా?’ అని అడిగిన అమ్మాయికి కావలసింది తనకు వెల కట్టని మనిషి. అటువంటి మనిషిని ఏ జమీందారు బంగళా తయారుచేయలేదు. మనుషులకు వెలలు కట్టే పద్ధతిమీద జరిగే పోరాటాల్లోనే అతను తయారవుతాడు, ఆమె కూడా తయారవుతుంది. ఆ పోరాటాల మధ్య ప్రేమించడం నేర్చుకుంటున్న మనుషుల కథలు తెలుగులో ఇంకా చాలా రావలసి ఉంది.